టైటన్స్ నిందకులకు ప్రత్యుత్తరము

తిరుపతిలోగాని చిత్తూరులోగాని నలుగురు చేరి కబడ్డీ ప్రస్తావన యెత్తినచో, ఆ నలుగురిలో ఉపాధ్యాయుడున్నను, వర్తకుడున్నను, ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి యున్నను, కళాశాల విద్యార్థి యున్నను, కడపట వెలువడు తీర్పు మాత్రము ఒక్కటే: తెలుగు టైటన్స్ అను జట్టునకు పేరులో తప్ప మరెందునను తెలుగుదనము లేదు, ఆడువారు హరియాణావారు, ఉత్తరప్రదేశమువారు, మహారాష్ట్రులు, ఆడించువారు ధనికులు, అట్టి జట్టు గెలిచినను మనకు ఒరుగునది లేదు, ఓడినను పోవునది లేదు, ఏండ్ల తరబడి ఓడినదానిని పట్టుకొని వ్రేలాడువాడు అమాయకుడైనను కావలెను, మొండివాడైనను కావలెను, అంతగా కబడ్డీ చూడవలెనను వేడుక యున్నచో మూడు గంటల ప్రయాణములో చెన్నపట్టణమున్నది, అచ్చటి తమిళ్ తలైవాస్‌ను మెచ్చుకొనవచ్చును. టీ అంగడి కడ "ఏం నా, మీ టైటన్స్ రాత్రి గూడా పోయినారంటనే!" అని పలుకరించు కుఱ్ఱవానికి చిరునవ్వే సమాధానముగా ఇంతకాలము గడపితిని. కాని నా మౌనమును అంగీకారముగా లెక్కగట్టి, ఆ తీర్పును విద్యావంతులు సైతము సిద్ధాంతముగా ప్రకటించుచుండుటచేత, దానిని అవయవములుగా విడదీసి పరీక్షింపవలసిన అవసరము కలిగినది.

ప్రతిపక్షము చేతిలో నున్న బలమైన ఆయుధమును దాచి వాదించుట నాకు ఇష్టము లేదు గనుక, దానిని నేనే ముందుగా బయటపెట్టుచున్నాను. ప్రో కబడ్డీ లీగు 8వ సీజన్‌లో టైటన్స్ 22 పోటీలాడి గెలిచినది ఒక్కటి. 9వ సీజన్‌లో 22 ఆడి గెలిచినది రెండు. 10వ సీజన్‌లో మరల 22 ఆడి గెలిచినవి మరల రెండే. మూడు సీజన్లలోను పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానము. 66 పోటీలకు 5 విజయములు, 5 సమములు, 56 పరాజయములు. ఇట్టి వరుస లీగులోని మరి యే జట్టునకును దక్కలేదు. 8వ సీజన్‌లోని ఆ యేకైక విజయము కూడ జైపూర్ పింక్ పాంథర్స్ మీద 35–34గా, అనగా ఒక్క పాయింటు తేడాతో వచ్చినది. ఈ లెక్కలు విని నవ్వువారిని నేను తప్పుపట్టను, నవ్వదగినవి నవ్వింపకమానవు. నా వివాదమంతయు ఆ లెక్కల నుండి వారు తీయుచున్న నిర్ణయములతోనే.

మొదటి నిర్ణయము: తెలుగు బిడ్డలు లేకపోవుటచేతనే జట్టు ఓడినదని. ఇది వినుటకు ఇంపుగానున్నది, స్వాభిమానమునకు పుష్టి నిచ్చుచున్నది, కాని లీగు చరిత్రతో ఒక్క గడియ సేపైనను పొసగదు. 3, 4, 5 సీజన్లలో వరుసగా మూడుమారులు కప్పు గెలిచిన పాట్నా పైరేట్స్‌కు ప్రాణప్రదుడైన పర్‌దీప్ నర్వాల్ హరియాణాలోని సోనీపత్ ప్రాంతమువాడు. బీహారులో పుట్టలేదని పాట్నా ప్రజ అతనిని కాదనలేదు. 2015లో యూ ముంబాను విజేతగా నిలిపిన అనూప్ కుమార్ మహారాష్ట్రుడు కాడు, అతడును హరియాణావాడే. 2019లో కప్పు నందుకొన్న బెంగాల్ వారియర్స్‌కు నాయకుడైన మణీందర్ సింగ్ పంజాబీ. ఇక ఇరాను దేశమునుండి వచ్చిన ఫజల్ అత్రాచలి యెన్ని నగరముల జట్లకు మూలస్తంభమైనాడో కబడ్డీ చూచువారికి నేను చెప్పనక్కరలేదు. వేలములో ఆటగాండ్రను కొను లీగులో ప్రతి జట్టును పరప్రాంతీయుల కూటమియే. అందఱకును సమానమైన లక్షణము ఒక్కరి పరాజయమునకు హేతువు కాజాలదను తర్కమును మన పాఠశాలలలో బోధించుట మానిరా యని సందేహము కలుగుచున్నది.

ఈ వాదమునకు ఇంకొక చిక్కు గూడ కలదు. అట్టడుగున నిలిచిన 10వ సీజన్‌లో టైటన్స్ ప్రధాన శిక్షకుడు తెలుగువాడగు శ్రీనివాసరెడ్డి. అంతకు పూర్వము జైపూర్ జట్టునకు శిక్షణ నిచ్చిన అనుభవజ్ఞుడు. జట్టు కోలుకొన్న 11వ సీజన్‌లో శిక్షకుడు హరియాణాకు చెందిన కృషన్ కుమార్ హుడా, ద్రోణాచార్య పురస్కార గ్రహీత. దీనినిబట్టి తెలుగు శిక్షకులు పనికిరారని నేనందునా? అనను. శ్రీనివాసరెడ్డి చేతికి వచ్చిన జట్టు వేరు, హుడా కూర్చుకొన్న జట్టు వేరు. జన్మస్థలమునుబట్టి గెలుపోటములు నిర్ణయించు పద్ధతిని నిందకులు అంగీకరించినచో, ఆ పద్ధతి వారిని ఎచ్చటికి లాగుకొనిపోవునో చూపుటకే ఈ మాట చెప్పితిని.

మరి పరాజయమునకు నిజమైన హేతువేమి? ఇచ్చట కొంత ఓపిక వలయును, ఏలయనగా ఇది ఆట లోపలి సంగతి. కబడ్డీలో ఒక్కొక్క పక్షమున ఏడుగురు. కూతకు పోవువానికి, అనగా రైడర్‌కు, ముప్పది సెకనుల వ్యవధి. వాడు పట్టుబడెనా, ప్రతిపక్షమునకు పాయింటు దక్కుటయే కాక, తన జట్టువారు మరల ఒక పాయింటు సంపాదించి బ్రతికించువరకు వాడు బయట కూర్చుండవలెను. నష్టమంతయు ఈ రెండవ దండనలో నున్నది. జట్టులో నిపుణుడైన రైడర్ ఒక్కడే యున్నచో, అతడు బయటనున్నంత సేపును కూతకు పోవువారు పాయింటు తేలేరు. వరుసగా రెండు కూతలు వట్టివైనచో మూడవది చావో రేవో అను కూతయగును, అందులో పాయింటు తేనివాడు తానును బయటికి పోవును. ఇట్లు ఒకరి వెనుక ఒకరు తరిగి, ఏడుగురును పోయినప్పుడు ఆలౌట్ పేర ప్రతిపక్షమునకు అదనముగా రెండు పాయింట్లు. అంతవరకు కూర్చున్న ఆ మహావీరుడు అప్పుడు తిరిగి వచ్చును, మరల పాయింట్లు తెచ్చును, ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు, కాని లెక్కల పలకపై పది పాయింట్ల అగాధము తవ్వియుండును.

టైటన్స్ యాజమాన్యము చేసిన మహాపరాధము ఈ ఒక్క సూత్రమును గ్రహింపకపోవుటయే. దాని మూలము వారి తొలినాళ్ల అదృష్టములోనే యున్నది. 2014లో లీగు ఆరంభమైనప్పుడు వారికి బిజ్నోర్ నుండి వచ్చిన రాహుల్ చౌదరి దొరికెను. అతని కూతలోని వేగమునకు, చేతి స్పర్శలోని లాఘవమునకు దేశమంతయు ముగ్ధమాయెను. లీగులో ఐదువందల రైడ్ పాయింట్లను మొట్టమొదట దాటినవాడు అతడే. 2015లో సెమీఫైనల్లో బెంగళూరు చేతిలో 39–38గా, ఒక్క పాయింటుతో ఓడి, పిమ్మట మూడవ స్థానమును గెలుచుకొనిరి. 2016లో అంత్యఘట్టము సొంతగూడైన గచ్చిబౌలిలోనే జరుగగా సెమీఫైనల్లో జైపూర్‌కు తలవంచిరి. ఒక్కనిపై ఆధారపడిన జట్టు సెమీఫైనల్ వరకు పోగలదని ఆ రెండు సంవత్సరములు వారికి బోధించెను. అంతకు మించి పోజాలదని బోధింపలేదు, లేదా బోధించినను వారు వినలేదు. అటుపిమ్మట 2019లో కోలాపూర్ ప్రాంతపు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు కొనిరి. 8వ సీజన్ ఆరంభములోనే అతడు గాయపడగా జట్టు కుప్పకూలెను. 9వ సీజన్‌లో ఈ తప్పును దిద్దుకొనబోయి దానికి వ్యతిరేకమైన తప్పు చేసిరి: మోనూ గోయత్, అభిషేక్ సింగ్, సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ భైన్స్‌వాల్ అని పేరుమోసినవారినందఱను ఒక్కచోట పోగుచేసిరి. కాని పట్టు పట్టుట ఒక్కని పని కాదు. మూలనున్న కార్నర్ కాలు పట్టిన క్షణములోనే కవర్ వచ్చి నడుము పట్టవలెను, తక్కినవారు గొలుసుగా కమ్ముకొనవలెను. ఒకరి అడుగు ఒకరికి తెలియుటకు సీజన్లు పట్టును. పేర్లు ఘనములు, పట్లు వదులు, ఇరువది పరాజయములు.

10వ సీజన్‌లో మరల పాత బాటయే. ఢిల్లీ బవానాకు చెందిన పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. లీగు చరిత్రలో అంతటి వెల అంతవరకు ఎవ్వరికిని పలుకలేదు. పవన్ ఆ సీజన్‌లో రెండువందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చెను. ఐనను గెలుపులు రెండు! ఒక్క ఎద్దుతో కాడి లాగింపజూచిన కాపును ఎవ్వరేమందురో, ఆ యాజమాన్యమును గూర్చి నేనును అదే యందును. నిందకులు గమనింపవలసినది ఇది: నేను జట్టును అభిమానించుచున్నంత మాత్రమున దాని దోషములను చూడలేకపోవుట లేదు. వారికంటె ఎక్కువగానే చూచితిని. ఎందుకనగా వారు ఫలితమును మాత్రమే పత్రికలో చదివిరి, నేను పోటీ చూచితిని.

రాహుల్‌ను వదలుకొన్ననాడే జట్టునకు శాపము తగిలినదని వాపోవు మరియొక వర్గము కలదు. వీరు నిందకులలో మృదుహృదయులు గనుక వీరికి సమాధానము క్లుప్తముగా చెప్పెదను. 2019లో రాహుల్ తమిళ్ తలైవాస్‌కు పోయెను. ఆ సీజన్‌లో రాహుల్ లేని టైటన్స్ పదునొకండవ స్థానమున నిలువగా, రాహుల్‌తోపాటు అజయ్ ఠాకూర్, మంజీత్ ఛిల్లర్ వంటి దిగ్గజములు సైతము ఉన్న తలైవాస్ పండ్రెండవ స్థానమున నిలిచిరి. శాపమే యైనచో అది వింత శాపము, విడిచినవారికంటె చేర్చుకొన్నవారికే ఎక్కువ తగిలినది.

చెన్నపట్టణపు మాట వచ్చినది గనుక ఆ రెండవ నిర్ణయమును పరిశీలింతము. దూరమునుబట్టి చూచినచో నిందకులు చెప్పునది సత్యమే. టైటన్స్ ఆడు విశాఖపట్టణము మనకు ఏడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది, హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణము. చెన్నై మాత్రము ఉదయము బయలుదేరి మధ్యాహ్న భోజనమునకు చేరదగినంత చేరువ. నగరి, సత్యవేడు, పుత్తూరు ప్రాంతములవారికి వైద్యమునకు, వివాహవస్త్రములకు, వ్యాపారమునకు ఆ నగరమే దిక్కు. ఇంటిలో తెలుగు, సంతలో తమిళము మాటలాడు కుటుంబములు మన సరిహద్దున కోకొల్లలు. ఈ సహజీవనమును నేను మనస్ఫూర్తిగా గౌరవింతును. తలైవాస్‌ను అభిమానించువాడు నాకు శత్రువు కాడు. కాని టైటన్స్‌ను తెలుగుదనము లేదని త్రోసివేసి, ఆ నోటితోనే చెన్నైను సిఫారసు చేయు వింత వాదమును మాత్రము సహింపజాలను. వేసవి వచ్చినచో మన వీధులలో సగము పసుపు చొక్కాలే. క్రికెట్టులో చెన్నై సూపర్ కింగ్స్ గెలిచిన రాత్రి తిరుపతిలో టపాకాయల మ్రోత నేను వినియున్నాను. ఆ పసుపు చొక్కాల ఆరాధ్యదైవము ధోనీ రాంచీలో పుట్టినవాడు. అతడు తమిళుడును కాడు, తెలుగువాడు అసలే కాడు. ధోనీని జన్మస్థలమడుగనివారు పవన్ సెహ్రావత్‌ను మాత్రము బవానా చీటీ చూపుమనుట ఏ న్యాయము? వారి అసలు కొలమానము గెలుపు. గెలిచినవానికి ఊరు అక్కరలేదు, ఓడినవానినే ఊరడుగుదురు. ఆ మాటనే సూటిగా చెప్పినచో నేను వారితో వాదింపకపోవుదును. గెలుపును ప్రేమించుట పాపమేమియు కాదు. గెలుపుమీది ప్రేమకు భాషాభిమానపు ముసుగు వేయుటయే నాకు రోత.

మూడవ నిర్ణయము కొంచెము సూక్ష్మబుద్ధులది: ఓడినను విడువని అభిమానులున్నంత కాలము యాజమాన్యమునకు భయముండదు, కావున మీ విశ్వాసమే జట్టును చెఱచుచున్నదని. దీనికి 8వ సీజన్ చక్కని సమాధానము. మహమ్మారి కారణముగా ఆ సీజన్ యావత్తును బెంగళూరులో ఒక్కచోటనే, ప్రేక్షకులను రానీయక నడపిరి. చప్పట్లు లేవు, జేజేలు లేవు, ఓడినను వెన్నుతట్టు అభిమాని యొక్కడును లోపల లేడు. నిందకుల సిద్ధాంతము ప్రకారము ఆ నిశ్శబ్దములో యాజమాన్యము భయపడి, జట్టు చురుకై, విజయములు కురియవలసినది. వచ్చినది ఒక్కటి. పైగా, వేలములో తెలివితక్కువగా కొన్నవారిని నిలదీయవలెనన్నచో ఏ కార్నర్ ఎప్పుడు తొందరపడి దూకెనో, ఏ రైడర్‌ను ఏ నిమిషములో విశ్రమింపజేయవలసియుండెనో తెలిసినవాడు కావలెను గదా. విడిచిపోయినవాని కోపమునకు అంత వివరమెక్కడిది?

ఇక తెలుగు బిడ్డలు లేరను బాధను గూర్చి. దీనిని నేను త్రోసివేయను, ఏలయనగా ఆ బాధ నాకును కలదు, బహుశః వారికంటె లోతుగా కలదు. కాని బాధపడువారిని ఒక ప్రశ్న అడుగుట అవసరము. 2022 జనవరిలో, టైటన్స్ బెంగళూరులో వరుసగా ఓడుచున్న ఆ రోజులలోనే, మన తిరుపతి ఇందిరా మైదానములో జాతీయస్థాయి కబడ్డీ పోటీలు జరిగెను. ఈ లోటును గూర్చి నాకు ధర్మోపన్యాసములు చేయు పెద్దలలో ఎందఱు ఆ మైదానమునకు వచ్చిరి? సంక్రాంతి దినములలో రంగంపేట పశువుల పండుగకు చంద్రగిరి బాట పట్టి పోవు జనసముద్రములో పదవవంతైనను, పీలేరు, పుంగనూరు, పలమనేరు పల్లెలలో పండుగకు ఆడు చెడుగుడు పోటీల చుట్టు నిలుచునా? ఒకమారు ఒక ప్రజాప్రతినిధి నిండ్రలో కూతకు దిగినప్పుడు మాత్రము ఆ దృశ్యమును ఫోనులలో చూడనివారు లేరు. అది కబడ్డీమీది మక్కువ కాదని నేను వేరుగ చెప్పనేల?

మన పిల్లలలో ఆట లేదనువారు ఏదేని సాయంకాలము పల్లెబడి మైదానమునకు పోయి చూడవలెను. ఊపిరి గలవారున్నారు, తొడగొట్టువారున్నారు, చేపవలె జారువారున్నారు. కాని మన్నుమీద ఆడిన కాలు వేరు, మ్యాట్‌మీద ఆడు కాలు వేరు. మన్నులో పాదము కొంచెము కూరుకొని పట్టునిచ్చును. మ్యాట్‌పై బూట్లతో మలుపు తిరుగుటకు మోకాలికి, చీలమండకు ప్రత్యేకమైన అభ్యాసము కావలెను. హరియాణాలో కబడ్డీ నేర్చినవానికి రైల్వేలలో, సైన్యములో, పోలీసులో ఉద్యోగము దొరకునను ఆశ కన్నుల యెదుట నిలిచియుండును. అందుచేత తండ్రి పాలు, నెయ్యి పెట్టి కొడుకును పంపును. మనకడ పదవ తరగతి ముగియగానే పిల్లవానిని ఏ సందులో చూచినను ఒక బోర్డు కనబడు ఇంటర్ కళాశాలలలో పడవేయుదుము. అచ్చట తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు చదువే, మైదానము లేదు. మన బిడ్డలను మనమే మైదానమునుండి తీసికొనిపోయి, పిమ్మట టైటన్స్ ఆటగాండ్ర పట్టికలో మనవారి పేర్లు లేవని ఫిర్యాదు చేయుచున్నాము. స్థానిక యువకులను వెదకి శిక్షణ నిచ్చు విషయములో యాజమాన్యము చేయవలసినది చాలగా మిగిలియున్నది, ఆ సంగతి వారికి చెప్పవలసినదే. కాని వారు వెదకుటకు వచ్చునాటికి మ్యాట్ ఎక్కిన పిల్లవాడు పది మండలములకు ఒక్కడైనను కనబడవలదా?

11, 12 సీజన్లలో జట్టు కథ మారినది. 11వ సీజన్ తొలి పోటీ 2024 అక్టోబరు 18న గచ్చిబౌలిలో జరుగగా బెంగళూరును 37–29గా ఓడించి ఆరంభించిరి. నడుమ పవన్ మోకాలు గాయపడెను. పూర్వమైనచో అంతటితో కథ ముగిసియుండెడిది. ఈ మారు విజయ్ మలిక్, ఆశీష్ నర్వాల్ కూత భారమును పంచుకొనిరి. 22లో 12 గెలిచి, ఆరు జట్లకు మాత్రమే ప్రవేశమున్న ప్లేఆఫ్‌ను ఏడవ స్థానమున నిలిచి పోగొట్టుకొనిరి. 12వ సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖలో మొదలుకాగా తొలి పోటీ తమిళ్ తలైవాస్‌తోనే పడెను. ఆ జట్టులో అప్పుడు పవన్! మూడు పాయింట్లతో ఓడితిమి. మరునాడు టీ అంగడిలో నాకు జరిగిన సన్మానమును వర్ణింపను. కాని పిమ్మట జరిగినదేమి? రెండుకోట్ల అరువది లక్షల వీరుడు లేకయే, విజయ్ మలిక్ నాయకత్వమున, భరత్ హుడా తోడుగా, జట్టు ప్లేఆఫ్‌కు చేరి, బెంగళూరును, పాట్నాను దాటి, ఫైనల్‌కు ఒక్క మెట్టు క్రింద పుణేరి పల్టన్ చేతిలో 50–45గా ఆగినది. 2016 తర్వాత ఇంత దూరము వచ్చుట ఇదే. వీరిలోను ముఖ్యులందఱు పరరాష్ట్రములవారే. తెలుగుదనము లేమి యెంత యుండెనో అంతయు ఉన్నది, పోయినది ఒక్కనిపై ఆధారపడు అలవాటు మాత్రమే. నిందకులు ఇప్పుడు "ఏదో అదృష్టము" అనుచున్నారు. అరువదియారు పోటీల దుర్గతిని అదృష్టములేమి యని వారొక్కనాడును అన్నట్లు నేను వినలేదు.

విజయ్ మలిక్‌ను, భరత్‌ను ఒకే జట్టున ఉంచి, కార్నర్, కవర్ జంటలను మార్చక మరి రెండు సీజన్లు సాగనిచ్చినచో ఈ జట్టు కప్పు దరికి చేరగలదని నా నమ్మకము. ఏ వేలములోనైనను యాజమాన్యము మరల కోట్లు కుమ్మరించి ఒక్క రైడర్‌ను తెచ్చి, పట్టు పట్టువారిని చిల్లరగా కొన్నచో, వారిని మొట్టమొదట తిట్టువాడను నేనే. అప్పుడు నాతో గొంతు కలుపదలచినవారికి ఆహ్వానము. ఐతే ఆ తిట్టులో హరియాణా ప్రసక్తి రాకూడదు, కవర్ ప్రసక్తి రావలెను.